ఛాయాచిత్రమునకు కుంచెరూపు

కంటితో చూచి గ్రహింపవలసిన దానిని చెవికి చెప్పవలసివచ్చుట రేడియోలో పనిచేయువారికి తప్పని చిక్కు. నేడు మేము చెప్పబూనిన విషయము పూర్తిగా కంటికి సంబంధించినది. కంప్యూటరు ఆటలలో మన పిల్లలు పరుగులెత్తు వీధులలోని గోడలు, తలుపులు, పీపాలు కొన్నిట ఎవరో తీరికగా కూర్చుండి కుంచెతో వేసినట్లు కనబడును. అట్టివానిలో ఫోటోలనుండి పుట్టినవి కూడ కలవు. ఫోటోను కుంచెపనిగా మార్చుటకు ఫిల్టరులను సాధనములున్నవి. అవి చేయు పని యెట్టిది, వాని అంకెలను ఎట్లు అమర్చుకొనవలెను, ఏ చోట వానిని ఆపి మనిషి చేయి పూనుకొనవలెను, ఇంతమట్టుకు చెప్పుటకు ప్రయత్నింతుము.

కంప్యూటరులో ఒక పెట్టెను గాని, ఇంటిని గాని నిర్మించినపుడు మొదట దానికి ఆకారము మాత్రమే యుండును. పొణికికఱ్ఱతో చెక్కి యింకను రంగు వేయని కొండపల్లి బొమ్మవలె వెలవెలబోవుచుండును. దాని ఒంటికి చుట్టునట్టి బొమ్మకు టెక్స్చరని పేరు. గోడకు ఇటుకల టెక్స్చరు, తలుపునకు కఱ్ఱజీరల టెక్స్చరు. దీనిని సంపాదించుటకు దగ్గరిదారి కెమెరా. ఎదుటి గోడను ఫోటో తీసి ఆకారమునకు చుట్టినచో పని ముగిసినదని తోచును. ముగియదు. ఫోటోలో గోడతోపాటు ఆనాటి యెండ, ప్రక్కచెట్టు నీడ, ఎవరో విదిలించిన సున్నపు చారిక, కెమెరా తెచ్చిపెట్టిన నలుసులు అన్నియు వచ్చి చేరును. ఆటలో ఆ గోడ దగ్గరకు పోయినచో నలుసులు పెరిగి కంటికి గుచ్చుకొనును. ఒకే బొమ్మను ప్రక్కప్రక్కల పరచి పెద్దగోడగా చేయుదురు గనుక ఆ సున్నపు చారిక పదిమార్లు వరుసగా కనబడి గుట్టు బయటపెట్టును.

ఈ చిక్కును విప్పిన తీరును స్వయముగా వ్రాసిపెట్టినవారు కలరు. అమెరికాలోని వాల్వ్ సంస్థ 2007లో టీమ్ ఫోర్ట్రెస్ 2 అను ఆటను వెలువరించినది. దాని చిత్రరచన ఎట్లు జరిగినదో జేసన్ మిచెల్, ఆయన సహచరులిద్దరు ఆ యేడే ఒక పరిశోధనపత్రములో వివరించిరి. లైయెండెకర్, డీన్ కార్న్‌వెల్, నార్మన్ రాక్‌వెల్ మొదలగు వెనుకటి అమెరికను పత్రికాచిత్రకారుల పద్ధతిని వారు ఆదర్శముగా గైకొనిరి. తొలిరోజులలో పెక్కు టెక్స్చరులను నిజముగానే నీటిరంగులతో చేతితో వేసి, స్కాను చేసి వాడిరి. పిదప ఫోటోలను తీసికొని, వానికి వరుసగా ఫిల్టరులు వేసి, ఆపైన కంప్యూటరు కుంచెతో దిద్ది, అదే రూపమును రాబట్టిరి. ఇట్టి బొమ్మలు దగ్గరనుండి చూచినను ఫోటోలకంటె బాగుగా నిలుచునని కూడ వారు కనుగొనిరి.

ఇది ముచ్చటకొరకు మాత్రమే చేసినది కాదు. ఆ ఆటలో రెండు జట్లు, తొమ్మిది రకముల యోధులు. ఎదుట వచ్చుచున్నవాడెవడు, ఏ జట్టువాడు, వాని చేతిలో ఏ ఆయుధమున్నది, ఇదంతయు రెప్పపాటులో తెలియవలెను. వెనుకనున్న గోడ తన ప్రతి యిటుకలోని ప్రతి గుంటను చూపుచు గోలపెట్టినచో మనిషి అందులో కలిసిపోవును. గోడను కొంచెము నోరుమూయించుటయే కుంచెరూపు చేయు మొదటి ఉపకారము.

నోరుమూయించుటకు వడపోతయే సాధనము. వడపోత మా వృత్తిలోను ఉన్నదే. పాత రికార్డులోని బుసను తగ్గించుటకు పైస్థాయి ధ్వనులను అణచివేయుదుము. బుస పోవును, దానితో గాయకుని సకారములోని పదునును కొంత పోవును. బొమ్మ సంగతియు ఇట్లే. నలుసులును, ఇటుక అంచులును రెండును సన్నని వివరములే. సామాన్యమైన బ్లర్ ఫిల్టరు ప్రతి చుక్కను దాని చుట్టుప్రక్కల చుక్కల సగటుగా మార్చును గనుక రెంటిని ఒక్కతీరుగా కరగించివేయును. అప్పుడు వచ్చునది కుంచెపని కాదు, మసకబారిన ఫోటో. చిత్రకారుడు వేసిన బొమ్మలో రంగు ముద్దగా, నున్నగా నుండును. ముద్దకును ముద్దకును నడుమ అంచు మాత్రము తెగినట్లుండును. కావున మనకు కావలసినది లోపలిభాగమును చదునుచేసి అంచును ముట్టుకొనని వడపోత.

అందులో సులభమైనది మీడియన్. పెన్సిలు అందుబాటులో నున్నవారు ఈ తొమ్మిది అంకెలను వ్రాసికొనవచ్చును: 40, 42, 41, 43, 250, 44, 42, 41, 43. ఇవి ఒక చుక్కయొక్కయు దాని చుట్టునున్న యెనిమిది చుక్కలయొక్కయు వెలుతురు కొలతలు. నడుమనున్న 250 ఇటుకమీద మెఱసిన ఇసుకరేణువు. సగటు కట్టినచో 65 వచ్చును. అనగా ఆ రేణువు చచ్చియు తన చోటును పాలిపోజేసినది. అట్లుగాక అంకెలను చిన్నదానినుండి పెద్దదానివఱకు పేర్చి నడిమిదానిని తీసికొనినచో 42 వచ్చును. రేణువు ఉన్న జాడయే లేదు.

మఱియొకటి కువహారా ఫిల్టరు. దీని పుట్టుక వింతైనది. జపానుకు చెందిన కువహారాయు ఆయన సహచరులును 1976లో దీనిని ప్రకటించినది చిత్రకళకొరకు కాదు. రేడియోధార్మిక పదార్థము సాయమున తీసిన గుండె చిత్రములలోని నలుసులను తొలగించుటకు. ఇది ప్రతి చుక్కచుట్టునున్న చోటును నాలుగు చదరములుగా చూచును. ఏ చదరములో హెచ్చుతగ్గులు అన్నిటికంటె తక్కువయో దాని సగటును తెచ్చి నడిమిచుక్కకు పూయును. అంచునకు ఇవతలనున్న చుక్క అంచు దాటిపోయిన చదరమును ఎన్నుకొనదు, దానిలో హెచ్చుతగ్గులు మెండు గనుక. తనవైపు చదరమునే నమ్ముకొనును. అందుచేత అంచులు నిలిచి, లోపల చిన్న చిన్న రంగుముద్దలు ఏర్పడును. వైద్యునికొరకు పుట్టినది చిత్రకారుని యింట మెట్టినది. అయితే చదరముల వలన ముద్దలు గళ్లుగళ్లుగా పడెడివి. 2009లో కిప్రియానిడిస్, కాంగ్, డోల్నర్ అను మువ్వురు ఆ ముద్దలను బొమ్మలోని జీరల వాలును బట్టి సాగునట్లు మార్చిరి. 2023లో వెలువడిన బ్లెండర్ 4.0లో ఈ రెండు రకములును కలవు. బ్లెండర్ ఉచితముగా లభించునది. వెల పెట్టి ప్రోగ్రాములు కొనలేని విద్యార్థులు దీనితో నిశ్చింతగా ఆరంభింపవచ్చును.

వినికిడి జ్ఞానముతో సరిపెట్టుకొనక, మేము ఒక పాత యిటుకగోడ ఫోటోను తీసికొని ఫోటోషాపులో పరీక్షించి చూచితిమి. వెడల్పు 2048 పిక్సెళ్లు. ఒకమూల నాచు, నడుమ సున్నపు చారిక, ఎడమవైపు ఎండ, కుడివైపు నీడ. ముందుగా ఎండనీడల తేడాను సరిచేసి, సున్నపు చారికను ప్రక్క యిటుక రంగుతో కప్పితిమి. ఈ రెండు పనులు చేయక ఫిల్టరు వేసినచో చారిక పోకపోగా అందమైన చారికగా మారును. పిదప మీడియన్, రేడియస్ 3. మరల మీడియన్ 3. ఒకేమారు 10 వేసి చూచినపుడు ఇటుక మూలలు సబ్బుబిళ్ల మూలలవలె అరిగినవి; మూడేసి చొప్పున రెండుమార్లు వేసినపుడు మూలలు నిలిచినవి. తరువాత సర్ఫేస్ బ్లర్, రేడియస్ 10, థ్రెషోల్డ్ 15. రేడియస్ అనునది కుంచె ఎంతదూరము చేయిచాచునో చెప్పును. థ్రెషోల్డ్ ఎవరిని కలుపుకొనవచ్చునో, ఎవరిని దూరముంచవలెనో చెప్పును. దీనిని 60కి పెంచినపుడు ఇటుకకును నడిమి సున్నమునకును గల సరిహద్దు చెడినది. ఆపైన డ్రై బ్రష్, బ్రష్ సైజు 2, డీటెయిల్ 8, టెక్స్చర్ 1. ఈ చివరిదానిని వేఱు పొరమీద వేసి, సగము మాత్రమే కనబడునట్లు పలుచన చేసితిమి. నూటికి నూరుపాళ్లు ఉంచినచో అంచులు నల్లగా కరకుదేరి ఫిల్టరు వేసినారని దారిన పోవువాడు కూడ చెప్పగలడు.

2012లో ఫోటోషాప్ సీఎస్6తో వచ్చిన ఆయిల్ పెయింట్ ఫిల్టరు నోరూరించును. ఒక్క మీటతో అద్భుతము. కాని మా అభిప్రాయములో అది టెక్స్చరులకు మిక్కిలి ప్రమాదకరమైనది. గోడయైనను, గడ్డియైనను, ఇనుపపీపాయైనను అన్నియు నూనె రాసి దువ్విన జుట్టువలె సుడులు తిరిగి కనబడును.

ఒక బొమ్మకు కుదిరిన అంకెలు మఱియొక బొమ్మకు కుదరవు. ఈ సంగతిని కొత్తవారికి ఎవరును చెప్పరు గనుక ఇక్కడ కొంచెము నిలువవలెను. ఒక గోడ టెక్స్చరు 1024 పిక్సెళ్లు. ఆటలో అది 4 మీటర్ల గోడను కప్పును. ఒక పెట్టె టెక్స్చరును 1024 పిక్సెళ్లే. అది కప్పునది ఒక్క మీటరు. రెంటికిని రేడియస్ 8 వేసితిమనుకొందము. గోడమీద ఆ 8 పిక్సెళ్లు సుమారు 3 సెంటీమీటర్లు. పెట్టెమీద 8 మిల్లీమీటర్లు. గోడ ముందు పెట్టెను నిలిపినచో గోడను పెద్దకుంచెతోను, పెట్టెను సన్నకుంచెతోను వేఱువేఱు మనుష్యులు వేసినట్లుండును. ప్రతి వస్తువునకును మీటరునకు ఎన్ని పిక్సెళ్లు పడుచున్నవో లెక్క వేసి, రేడియస్‌ను దాని ననుసరించి మార్చవలెను. లోకమంతయు ఒకే కుంచెతో వేసినట్లుండుటకు ఇంతకంటె వేఱు రహస్యము లేదు.

ఇంకను రెండు చిన్న హెచ్చరికలు. ఫిల్టరు ప్రతి చుక్కకును ఇరుగుపొరుగును చూచును. బొమ్మ చివర పొరుగు లేదు. అందుచేత ప్రక్కప్రక్కల పరచినపుడు అతుకు కనబడును. బొమ్మను మూడు వరుసలుగా, వరుసకు మూడు చొప్పున పరచి, ఫిల్టరు వేసి, నడిమిదానిని కత్తిరించి తీసికొనినచో అతుకు తప్పును. రెండవది, గుంటలను మిట్టలను తెలుపు నార్మల్ మ్యాపునకు ఈ ఫిల్టరులను పూయరాదు. దానిలోనివి రంగులవలె కనబడు దిక్కులు. వానిని రంగులుగా భావించి కలిపినచో వెలుతురు తప్పుదారి పట్టును.

ఇంతవఱకు వచ్చిన తరువాత మా గోడ నున్ననైనది, రంగుముద్దలు అమరినవి. అయినను చిత్రము కాలేదు. నాచునకును, పగులునకును, మామూలు యిటుకకును ఫిల్టరు సమానమైన మర్యాద చేసినది. ఏది ముఖ్యమో దానికి తెలియదు. తలుపుగొళ్లెము దాని దృష్టిలో ఇంకొక రంగుముద్ద. ఈ లోటును పరిశోధకులు ముందే గుర్తించిరి. 1990లో పాల్ హేబర్లీ చూపిన పద్ధతిలో రంగు మాత్రమే ఫోటోనుండి వచ్చును. గీత ఎక్కడ పడవలెనో, ఎటు వాలవలెనో మనిషి చేయి నిర్ణయించును. 1998లో ఆరన్ హెర్ట్జ్‌మన్ మఱియొక మెట్టు ఎక్కెను. ముందు పెద్దకుంచెతో అంతయు పూసి, ఫోటోకును బొమ్మకును తేడా హెచ్చుగా నున్న చోట్ల మాత్రమే సన్నకుంచెలకు దిగునట్లు యంత్రమునకు నేర్పెను. చిత్రకారులు పనిచేయు వరుస ఇదే. కాని తేడా హెచ్చుగా నున్న చోటు వేఱు, కథకు కావలసిన చోటు వేఱు.

మన సినిమా బేనర్లను వేసిన చిత్రకారులకు ఈ విద్య కరతలామలకము. వారి చేతిలో నుండునది ఒక చిన్న స్టిల్ ఫోటో. దానిమీద గళ్లు గీసి, అవే గళ్లను పెద్ద గుడ్డమీద గీసి, ముఖమును మేడయెత్తునకు పెంచెడివారు. దగ్గర నిలుచుండి చూచినచో గులాబి, ఆకుపచ్చ, ఊదారంగు చారలు తప్ప ఏమియు తెలియదు. వీధి కావలినుండి చూచినచో కథానాయకుడు! చొక్కా మడతలలో నూటికి తొంబదింటిని వదలివేసి, కంటిలోని ఒక్క తెల్లచుక్కను మాత్రము వదలకుండిరి. ఫ్లెక్సీ అచ్చులు వ్యాపించిన పిమ్మట, ఈ శతాబ్దపు తొలియేండ్లలో, ఆ పని చాలవఱకు అడుగంటినది. వారి చేతినుండి కుంచె జాఱిపోయిన కాలముననే కుంచెజాడను అనుకరించు ఫిల్టరులు ప్రతి కంప్యూటరులోనికి వచ్చిచేరుట మాకు కొంత బాధ కలిగించు విషయము. ఆ చూపు గలవారు ఇంకను మన ఊళ్లలో ఉన్నారు. టెక్స్చరులు నేర్పు శిక్షణాలయములవారు మౌసు పట్టుట రాదని వారిని గడపలోనికి రానీయకుండుట తెలివైన పని యని మేమనుకొనము.

మా గోడకు మిగిలిన పనిని చేతితో చేసితిమి. ప్రతి యిటుకకును కాదు, వరుసకు రెండు మూడింటికి పై అంచున లేత గీత. నాచుప్రక్క నీడను కొంచెము నీలివైపు మరలించితిమి. ఫిల్టరు చెరిపివేసిన ఒక పగులును మరల గీచితిమి, అది తలుపునకు దారి చూపును గనుక. నలుసులు తిరిగి తోచిన రెండు చోట్ల పెద్దకుంచెతో చదునుచేసితిమి. ఫిల్టరులకు పట్టినది పది నిమిషములు. ఈ దిద్దుబాటునకు రెండు గంటలు. ఆ మీదట బొమ్మను తపాలాబిళ్ల యంతకు తగ్గించి చూడగా వరుసలు నిలిచినవి, నాచు తెలిసినది, చారిక జాడ లేదు. మీడియన్ 3, 3. సర్ఫేస్ బ్లర్ 10, 15. డ్రై బ్రష్ 2, 8, 1, సగము. మీటరునకు 512 పిక్సెళ్లు. ఈ అంకెలను ఫైలుతోపాటు వ్రాసియుంచితిమి. తలుపు టెక్స్చరు మీటరునకు 1024 పిక్సెళ్లది. దానికి రేడియస్‌లన్నియు రెట్టింపు చేసి మరల మొదలుపెట్టవలసియున్నది.