తాంబూలం సంచిలో ఏం పెడదాం?

పెళ్ళికొచ్చినవాళ్ళకి తాంబూలం సంచి ఇచ్చి పంపుతాం కదా! అందులో ఎవరూ వాడని ప్లాస్టిక్ డబ్బా దేనికి? ఏటికొప్పాక కుంకుమ భరిణె పెట్టండి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు ఏటికొప్పాక. అక్కడ అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ లక్క ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. ఆపైన మొగలి ఆకుతో మెరుగు పెడతారు. గింజలు, బెరళ్ళ నుంచి తీసిన రంగులు కాబట్టి పిల్లల చేతికిచ్చినా భయంలేదు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

తోడిపెళ్ళికూతురికి కాస్త పెద్ద భరిణె, బావమరిదికి చేనేత కండువా చాలు. చేతిపని గనక ముహూర్తం పెట్టగానే ఆర్డరివ్వండి. వధూవరుల ఫొటో మాత్రం భరిణె మీద అచ్చువేయించకండి, బాబూ! సంచిలో ఆకూవక్కా మరవకండి.