సంతకం చేసే చేతికి పరీక్ష
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకునేవాళ్ళము. ఇంజనీరింగు పరీక్షల గురించి మాట్లాడమంటే మొదట వెనకాడాము. కాని మన ఇళ్ళల్లో కొడుకో, కూతురో, అల్లుడో అమెరికాలో ఇంజనీరింగు పనిలో ఉన్నవారున్నారు. వాళ్ళు ఫోనులో "ఎఫ్.ఇ. రాయాలి, పి.ఇ. రాయాలి" అంటుంటారు. "డిగ్రీ అయింది, ఎం.ఎస్. అయింది, ఇంకా ఈ పరీక్షలేంటి మాస్టారూ?" అని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. ఆ ప్రశ్నకే ఈ నాలుగు మాటలు.

ఇక్కడ పట్టా చేతికి రాగానే పిల్లవాణ్ణి ఇంజనీరు సాబ్ అనేస్తాము. అమెరికాలో వంతెనకో, భవనానికో వేసిన నక్షా మీద బాధ్యత తీసుకొని సంతకం చేసి ముద్ర వేయాలంటే రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు కావాలి. ఈ చట్టం మొదట చేసింది 1907లో వయోమింగ్ రాష్ట్రం. అక్కడ నీటి హక్కుల కోసం అర్హత లేనివాళ్ళు గీసిన నక్షాలు దాఖలవుతుండేవి. 1937 మార్చిలో టెక్సాస్ రాష్ట్రం న్యూ లండన్ ఊరి బడిలో గ్యాసు లీకై పేలుడు జరిగింది. సుమారు 300 మంది చనిపోయారు, అందులో ఎక్కువమంది పిల్లలే. ఆ ఏడాదే టెక్సాస్‌లోనూ ఇంజనీర్ల చట్టం వచ్చింది. రోజూ పిల్లల మధ్య నిలబడేవాళ్ళం కనుక, ఆ సంగతి చదివాక ఈ పరీక్ష ఎందుకని మేము మళ్ళీ అడగలేదు.

మెట్లు రెండు. మొదటిది ఎఫ్.ఇ. కంప్యూటరు మీద 110 ప్రశ్నలు, 5 గంటల 20 నిమిషాలు. అంటే ప్రశ్నకు మూడు నిమిషాలు కూడా రావు. తర్వాత సాధారణంగా నాలుగేళ్ళ అనుభవం, ఆ పైన పి.ఇ. సివిల్ వారికి అది 80 ప్రశ్నలు, 8 గంటలు. ఒకప్పుడు దానికి పెట్టెల కొద్దీ పుస్తకాలు మోసుకుపోయేవారు. 2022 నుంచి అదీ కంప్యూటరు మీదే. చూసుకోవలసిన పుస్తకం తెర మీదే ఇస్తారు.

ఇక మా ఇంటి సంగతి. మా ఆపా కొడుకు అక్కడ సివిల్ ఇంజనీరింగు ఆఫీసులో పని చేస్తున్నాడు. ఎఫ్.ఇ.కి ఎలా చదవాలని అడిగితే, "బేటా, సూత్రాలన్నీ కంఠస్థం చెయ్" అన్నాము. మేము చదువుకున్నదీ, చెప్పేదీ అదే పద్ధతి కదా. నెలల తరబడి వాడు కంఠస్థం చేశాడు. ఒక రాత్రి ఫోను వచ్చింది. "మామూ, ఫెయిలయ్యాను. అమ్మీకి చెప్పొద్దు."

తప్పు ఎక్కడ జరిగిందో ఇద్దరం కూర్చుని విచారించుకున్నాము. సూత్రాలు తెర మీది పుస్తకంలోనే ఉన్నాయి. ఏది ఏ పేజీలో ఉందో చటుక్కున వెతకడం వాడికి అలవాటు కాలేదు. కష్టమైన లెక్కతో పావుగంట కుస్తీ పట్టాడు. చివర్లో పది పన్నెండు ప్రశ్నలు వదిలేశాడు, తప్పు రాస్తే మార్కులు కోస్తారనే భయంతో. ఆ పరీక్షలో తప్పుకు కోత లేదు! పోయినవారికి ఏ అధ్యాయంలో ఎలా చేశారో తెలిపే నివేదిక ఇస్తారు. అది చూస్తే, తేలికని పక్కన పెట్టిన ఇంజనీరింగు ఎకనామిక్స్, వృత్తి ధర్మం అనే అధ్యాయాల్లోనే దెబ్బ తిన్నాడని తేలింది. సలహా మాది, శ్రమ వాడిది. ఆ బాధ మాకు ఇప్పటికీ ఉంది.

రెండోసారి పద్ధతి మార్చాడు. ఆ పుస్తకం ఉచితంగానే దొరుకుతుంది. మొదటి రోజు నుంచీ కంప్యూటరులో దాన్ని తెరిచిపెట్టుకునే లెక్కలు చేశాడు. పరీక్షకు అనుమతించే క్యాలిక్యులేటరు రకాలు కొన్నే, వాటిలో ఒకటి కొని దానితోనే సాధన చేశాడు. ఆఫీసు నుంచి వచ్చాక రోజూ గంటన్నర. ఆదివారం గడియారం ముందు పెట్టుకొని పరీక్ష. చేసిన తప్పులకు వేరే నోటుబుక్కు. రాని లెక్కకు గుర్తు పెట్టి ముందుకు పోవడం నేర్చుకున్నాడు. పాసయ్యాడు.

అప్పుడు వాడే తల్లికి అంతా చెప్పాడు. ఆపా సంతోషించింది, ఏడ్చింది కూడా. "ఫెయిలైన రోజు నాకెందుకు చెప్పలేదు?" అని మమ్మల్ని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. ఈ మాట ఇక్కడ వాడి అనుమతితోనే చెప్తున్నాము.

తల్లిదండ్రులకు మా మనవి. పాసైనవారికి ఆ పరీక్షలో మార్కులు చెప్పరు. కనుక "ఎన్ని వచ్చాయి? ఫలానావారి అబ్బాయికి ఎన్ని?" అని అడగకండి. "ఏ అధ్యాయంలో ఉన్నావు? నిద్ర పోతున్నావా?" అని అడగండి. ఒకసారి పోతే మళ్ళీ రాయవచ్చు. ఇంటికి చెప్పుకోలేని పిల్లవాడి దిగులు మాత్రం అంత త్వరగా పోదు.

పిల్లలకు రెండు మాటలు. లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం, నిబంధనలు రాష్ట్రానికో రకం. ఇక్కడి డిగ్రీని అక్కడ ఎలా లెక్కిస్తారో ముందే కనుక్కోండి. ఎవరి కింద, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ పని చేశారో రాసి ఉంచుకోండి. నాలుగేళ్ళ తర్వాత గుర్తు తెచ్చుకోవడం కష్టం.

ఉర్దూలో చదివినవాళ్ళం, ఇవి మనకు కావని అనుకోవద్దు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతోనే మొదలైంది, 1929లో ఇంజనీరింగు కళాశాల వచ్చింది. ముసల్లస్ అన్నా, త్రిభుజమన్నా, ట్రయాంగిల్ అన్నా కోణాల మొత్తం 180 డిగ్రీలే. ప్రశ్నను ఇంగ్లీషులో వేగంగా చదవడం ఒక్కటి ప్రత్యేకంగా సాధన చేయాలి.

మా మేనల్లుడికి పి.ఇ. ఇంకా మిగిలి ఉంది. వాడు గీసిన నక్షా మీద ఈనాటికీ వేరొకరి ముద్రే పడుతుంది. వాడి ముద్ర పడే రోజు వస్తే దాన్ని గొప్ప అనుకోకుండా పూచీ అనుకోవాలని మా కోరిక. ఆ వంతెన మీద బడికి పోయే పిల్లలు వాడికి ముక్కూమొహం తెలియనివాళ్ళు. వాళ్ళ కోసమే ఈ చదువంతా.