ఉప్పు తగ్గితే దాహం తగ్గుతుంది
(ప్రసంగ పాఠం)



ఓరుగల్లు భద్రకాళీ అమ్మవారి దర్శనానికి వచ్చేవారిలో డయాలసిస్ చేయించుకుంటున్నవారూ ఉన్నారు. "ప్రసాదం తినవచ్చునా?" అని వారు నన్ను అడుగుతుంటారు. వైద్యునిగా నా సమాధానం విన్నవించుకుంటాను.

ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు అధికమైన ఉప్పును రేయింబవళ్లు విసర్జిస్తాయి. డయాలసిస్ యంత్రం ఆ పనిని సాధారణంగా వారానికి 3 సార్లు, సుమారు 4 గంటల చొప్పున మాత్రమే చేస్తుంది. నడుమ దినాలలో తిన్న ఉప్పు శరీరంలోనే నిలిచి దాహాన్ని పెంచుతుంది. త్రాగిన నీరు బయటికి పోదు. కాళ్లు వాస్తాయి, ఆయాసం వస్తుంది, గుండెకు భారమవుతుంది. కనుక నీరు తగ్గించుకోలేక బాధపడేవారు ముందుగా ఉప్పు తగ్గించాలి. దాహం దానంతట అదే శాంతిస్తుంది.

రోజంతటికీ, అన్ని పదార్థాలలో కలిపి, ఉప్పు 5 గ్రాములు, అనగా ఒక టీ చెంచాడు, మించరాదు. ఆవకాయలో, అప్పడాలలో ఉన్నదీ ఆ లెక్కలోనిదే. సైంధవ లవణమూ ఉప్పే. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో తరచుగా పొటాషియం ఉంటుంది. అది డయాలసిస్ రోగుల గుండెకు ప్రమాదం. కొబ్బరినీళ్లు, అరటిపండ్లలోనూ పొటాషియం అధికమే. వైద్యుని అడగనిదే తీసుకోరాదు.

పులిహోరను కళ్లకద్దుకొని ఒక్క మెతుకు స్వీకరించినా అది ప్రసాదమే. మిగిలినది పక్కవారికి పంచండి.

అన్నదాన దాతలకు ఒక మనవి. ఉప్పు వేయని అన్నం, కూర ఒక పాత్రలో వేరుగా ఉంచే ఏర్పాటు చేయించండి. పంక్తిలో నలుగురితో కలిసి భుజించే భాగ్యం ఆ రోగులకూ దక్కుతుంది.

స్వస్తి.