స్పీడోమీటర్ చూపించని మైనస్

నైన్త్ క్లాస్ ఫిజిక్స్‌లో చాలామంది బట్టీ పట్టి వదిలేసే టాపిక్ ఒకటుంది. స్పీడ్, వెలాసిటీ. తెలుగు మీడియం వాళ్లకి వడి, వేగం. మామూలుగా మాట్లాడేటప్పుడు రెండిటినీ వేగమనే అనేస్తాం. పరీక్షలో అలా రాస్తే మార్కు పోతుంది. రోడ్డు మీద అయితే ప్రాణమే పోవచ్చు. ఎలాగో లెక్క వేసి చూద్దాం.

ఎంత స్పీడుగా వెళ్తున్నామో చెప్తే అది వడి. దాంతోపాటు ఎటు వెళ్తున్నామో కూడా చెప్తే వేగం. తేడా అంతే. బండి స్పీడోమీటర్ చూపించేది వడి మాత్రమే.

ఇప్పుడు డివైడర్ లేని రెండు వరుసల రోడ్డు అనుకోండి. అన్నయ్య బండి నడుపుతున్నాడు, వెనక మీరు. మీ బండి గంటకు 72 కిలోమీటర్లు, ముందున్న లారీ 54, ఎదురుగా వచ్చే బస్సు 72. వీటిని సెకనుకు మీటర్లలోకి మార్చాలంటే 5తో గుణించి 18తో భాగించాలి. మీరు 20, లారీ 15, బస్సు 20. మీరు వెళ్లే దిశని ప్లస్ అనుకుంటే బస్సు వేగం మైనస్ 20. చూశారా, మీ వడి, బస్సు వడి ఒకటే. వేగాలు మాత్రం వేరు.

లారీ పొడవు 10 మీటర్లు, వెనకో 10, ముందో 10 గ్యాప్ వేసుకుందాం. మొత్తం 30. లారీ కంటే మీరు సెకనుకు 5 మీటర్లే ఎక్కువ వెళ్తున్నారు కాబట్టి, దాటడానికి 6 సెకన్లు పడుతుంది.

మరి బస్సు సంగతి? 20 లోంచి మైనస్ 20 తీసేస్తే 40. అంటే మీకూ బస్సుకూ మధ్య దూరం సెకనుకు 40 మీటర్లు తగ్గిపోతోంది. 6 సెకన్లకి 240 మీటర్లు! క్రికెట్ పిచ్‌లు 12 వరుసగా పెడితే దాదాపు అంత. బస్సు 200 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు చూసి, ‘రోడ్డు ఖాళీగానే ఉందిలే’ అనుకుంటే సరిపోదు.

90కి లేపితే త్వరగా దాటేస్తాం కదా అంటారేమో. నిజమే, 3 సెకన్లు చాలు. కానీ బ్రేక్ వేయాల్సి వస్తే? ఆగడానికి పట్టే దూరం వడి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 72 దగ్గర పట్టే దానికంటే ఒకటిన్నర రెట్లు పైనే కావాలి.

హోంవర్క్: లారీ బదులు 20 మీటర్ల ట్రైలర్ ఉంటే ఎంత ఖాళీ కావాలి? నోట్‌బుక్‌లో వేసి అన్నయ్యకి చూపించండి. ఉంటాను మరి, బై!