మూసిన పెట్టె
(వుడ్‌ల్యాండ్స్‌లో తెలుగు తరగతి బాలబాలికల ఎదుట ఒక తాతగారు చేసిన ప్రసంగం)



"వీడియో ఆటలలోని లూట్ బాక్సులను ప్రభుత్వం అదుపు చేయాలా, వద్దా?" అనే విషయం మీద మాట్లాడమని మీ ఉపాధ్యాయురాలు నన్ను కోరారు. నేను వీడియో ఆటలు ఆడేవాణ్ణి కాను. ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాను. అయినా ఈ సంగతి మా ఇంటి గడప దాటి లోపలికి వచ్చింది. అందుచేత సరేనన్నాను.

మా మనవడికి పదకొండేళ్ళు. ఉగాదికీ, దీపావళికీ పెద్దలు చేతిలో పెట్టిన డబ్బు 120 డాలర్లు ఒక డబ్బాలో దాచుకున్నాడు. కిందటి జూన్ సెలవులలో ఫుట్‌బాల్ ఆట ఒకటి ఆడుతూ, అందులో ఒక గొప్ప ఆటగాడు తన జట్టుకు కావాలనుకున్నాడు. కాని ఆ ఆటగాణ్ణి నేరుగా అమ్మరు. మూసిన పెట్టెలు అమ్ముతారు. ఏ పెట్టెలో ఎవరున్నారో తెరిచేదాకా తెలియదు. వీడు దుకాణంలో కార్డులు కొని, ఆ కార్డులతో ఆటలో రత్నాలు కొని, ఆ రత్నాలతో పెట్టెలు కొన్నాడు. మూడు వారాలలో డబ్బా ఖాళీ అయింది. ఆటగాడు మాత్రం రాలేదు. మా కోడలు కోప్పడింది. వాడు ఏడవలేదు. ఆ రాత్రి నా పక్కన పడుకుని, "తాతయ్యా! ఇంకొక్క పెట్టె తెరిచి ఉంటే వచ్చేవాడు కదూ?" అని అడిగాడు.

నాకు వెంటనే మా ఊరి కిరాణా కొట్టు గుర్తుకు వచ్చింది. తెనాలి దగ్గర మా ఊళ్ళో, బడి ఎదుట ఉన్న కొట్టులో ఒక అట్ట వేలాడుతూ ఉండేది. దాని మీద వంద చిన్న చీట్లు అంటించి ఉండేవి. ఐదు పైసలిచ్చి ఒక చీటీ చించుకోవాలి. లోపల ఉన్న అంకెను బట్టి బిళ్ళో, ఈలో, బుడగో ఇచ్చేవారు. అట్ట పైభాగాన అన్నింటికంటె పెద్ద బుడగ ఉండేది. మా అందరి కళ్ళూ దాని మీదే! ఆ అంకె ఉన్న చీటీని కొట్టు ఆయన ముందే తీసి దాచేవాడని పెద్దపిల్లలు గుసగుసలాడేవారు. ఆ మోసం మాట అలా ఉంచండి. మోసం లేనప్పుడు ఆ అట్టకు ఒక న్యాయం ఉండేది. చీట్లు తరుగుతూ ఉండేవి. తొంభై చీట్లు పోయినా బుడగ రాలేదంటే, మిగిలిన పదింటిలో అది ఉండి తీరాలి.

లూట్ బాక్సులో చీట్లు తరగవు. మీరు ఒక చీటీ చించగానే ఆ అట్టను తీసివేసి, వంద చీట్ల కొత్త అట్ట తెచ్చి తగిలించినట్లన్నమాట. నూటికి ఒక్కటి అవకాశం అనుకుందాం. అయితే వంద పెట్టెలు తెరిస్తే తప్పక వస్తుందని మీలో చాలామంది అంటారు. మీ లెక్కల నోటుపుస్తకంలో వేసి చూడండి. ఒక పెట్టెలో రాకపోయే అవకాశం 0.99. దానిని దానితోనే వందసార్లు గుణిస్తే సుమారు 0.37 వస్తుంది. అంటే వందమంది పిల్లలు తలా వంద పెట్టెలు తెరిస్తే, దాదాపు 37 మంది వట్టి చేతులతోనే మిగులుతారు. మా వాడు అడిగిన ఆ "ఇంకొక్క పెట్టె"కు కూడా మొదటి పెట్టెకు ఉన్నంత అవకాశమే ఉన్నది.

కొన్ని ఆటలు కొంత మెరుగు. మీరెరిగిన గెన్షిన్ ఇంపాక్ట్‌లో అయిదు నక్షత్రాల బహుమతి వచ్చే అవకాశం ఒక్కొక్కసారికి 0.6 శాతం, 90వ సారికి తప్పక ఇస్తారు. ఆ అంకెలు ఆటలోనే రాసి ఉంటాయి. అయినా 2022లో మన సింగపూర్‌లోనే ఒక అమ్మాయి ఈ ఆట కోసం తండ్రి క్రెడిట్ కార్డు ఖాతాలో సుమారు 20,000 డాలర్లు ఖర్చు చేసిన వార్త పత్రికలలో వచ్చింది.

ఇప్పుడు చట్టం సంగతి చూద్దాం. మనం కాజ్‌వే దాటి జొహోర్ బారు వెళ్ళేటప్పుడు డాలర్లను రింగిట్లుగా మార్చుకుంటాం. మిగిలిన రింగిట్లను తిరిగి వచ్చాక మళ్ళీ డాలర్లు చేసుకోవచ్చు. ఆటలోని రత్నాలకు ఆ తిరుగుదారి లేదు. డాలరు రత్నమవుతుంది, రత్నం డాలరు కాదు. విచిత్రమేమిటంటే, తిరుగుదారి లేకపోవటమే చట్టం దృష్టిలో ఆటకు రక్ష! 2014లో ఇక్కడి పార్లమెంటులో ఆన్‌లైన్ జూదం బిల్లు మీద చర్చ జరిగినప్పుడు, ఆటలో గెలిచినదానిని ఆట బయట సొమ్ముగా మార్చుకునే వీలు లేకపోతే అటువంటి ఆటలను జూదంగా చూడదలచలేదని ప్రభుత్వం చెప్పింది. 2022లో కొత్త జూద నియంత్రణ చట్టం వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులో జూద నియంత్రణ సంస్థ ఏర్పడింది. అంగళ్ళలో అమ్మే మిస్టరీ బాక్సులకూ, బొమ్మలు పట్టే క్లా యంత్రాలకూ బహుమతి విలువ 100 డాలర్లు మించరాదని హద్దు పెట్టారు. ఆటల విషయంలో మాత్రం చూపు ప్రధానంగా ఆ బయటి తలుపు మీదే నిలిచింది. మన తెలుగు రాష్ట్రాలలోనూ అంతే. తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ రమ్మీ వంటి పందెపు ఆటలను ఆన్‌లైన్‌లో నిషేధించాయి. 2025 ఆగస్టులో భారత పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అక్కడ కూడా పట్టించుకున్నది సొమ్ము గెలవాలనే ఆశను.

మా వాడు సొమ్ము గెలవాలనుకోలేదు. వాడి డబ్బు పోయింది లోపలి తలుపు గుండా. అక్కడ కావలి ఎవరూ లేరు. నా అభ్యంతరమంతా ఇదే.

అలాగని అన్నింటినీ నిషేధించమని నేననను. ధర చూసి, వస్తువు చూసి, ఆటలో ఒక చొక్కా కొనుక్కుంటే అది బేరమే. దానిలో దాపరికం లేదు. పూర్తిగా నిషేధించటం కూడా అనుకున్నంత తేలిక కాదు. బెల్జియంలో 2018లో అధికారులు డబ్బుతో కొనే లూట్ బాక్సులు జూదమే అని తేల్చారు. కొన్ని పెద్ద సంస్థలు అక్కడ వాటిని తీసివేశాయి. కొన్నేళ్ళకు ఒక పరిశోధకుడు అక్కడ ఎక్కువ రాబడి తెచ్చే 100 ఐఫోన్ ఆటలను పరిశీలిస్తే, 82 ఆటలలో అవి అలాగే ఉన్నాయి! చట్టం పుస్తకంలో ఉంటే చాలదు, చూసే మనుషులు కూడా ఉండాలి. దక్షిణ కొరియా 2024 మార్చి నుంచి అవకాశాల అంకెలు బయటపెట్టటం తప్పనిసరి చేసింది. అదే ఏడాది సెప్టెంబరు నుంచి ఆస్ట్రేలియాలో, ఇటువంటి పెట్టెలు అమ్మే కొత్త ఆటలు పదిహేనేళ్ళ లోపు వారికి తగవని ముద్ర వేస్తున్నారు.

నన్నడిగితే రెండు పనులు చేయమంటాను. పెట్టె పక్కనే, రత్నాలలో కాక డాలర్లలో ధర రాయాలి. కోరిన వస్తువు రావటానికి సగటున ఎంత ఖర్చవుతుందో కూడా అక్కడే రాయాలి. పద్దెనిమిదేళ్ళు నిండనివారికి మూసిన పెట్టె అసలు అమ్మరాదు. ఇక్కడ సింగపూర్ పూల్స్ దుకాణంలో 4డి చీటీ కొనాలన్నా పద్దెనిమిదేళ్ళు ఉండాలి కదా!

"పిల్లల్ని చూసుకోవలసింది తల్లిదండ్రులు, ప్రభుత్వం కాదు" అని మీలో ఒకరు నిన్ననే నాతో వాదించారు. ఆ మాటలో బలం ఉంది. ఆ మూడు వారాలూ నేను అదే ఇంట్లో ఉన్నాను, నేనూ చూడలేదు. మీ ఉపాధ్యాయురాలు ఇప్పుడు మిమ్మల్ని రెండు పక్షాలుగా కూర్చోబెడతారు. నా మాట కాదనేవాళ్ళు ముందు లేవండి. మా మనవడు కూడా ఆ వరుసలోనే ఉన్నాడు.