ధర చెప్పారు సరే, ఎక్కడికి చెప్పారు?



రైతు ఉత్పత్తిదారుల కంపెనీలు నడుపుతున్నవాళ్లు, కమీషన్ వ్యాపారులు, లారీ ట్రాన్స్‌పోర్టు వాళ్లు, కొత్తగా ఎగుమతుల్లోకి దిగుతున్న యువతీయువకులు ఒకేచోట కూర్చోవడం అరుదు. ఒక లారీ సరుకు ఊరు దాటితే మీ అందరికీ దానితో లెక్క ఉంటుంది. ఆ లెక్కలో తగాదా రాకుండా ఒప్పందం ఎలా రాసుకోవాలో చెప్పమని నిర్వాహకులు నన్ను పిలిచారు.

నేను ముప్పై ఏళ్లకు పైగా మిర్చి, పసుపు వ్యాపారంలో లెక్కలు రాసినవాణ్ణి. పనిలో చేరిన కొత్తలో మా పెద్ద గుమాస్తాగారి అలవాటు ఒకటి నాకు వింతగా ఉండేది. ఫోనులో అవతలివాళ్లు రేటు చెబితే ఆయన వెంటనే రాసుకునేవారు కాదు. "ఎక్కడికి?" అని అడిగేవారు. గోదాము దగ్గరా, లారీలో ఎక్కించా, ఢిల్లీలో దించా అన్నది తేలాకే కలం మూత తీసేవారు. ఆ ప్రశ్న విలువ నాకు తర్వాత తెలిసింది.

ఒక లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణకు అనుకున్నవే. గుంటూరు యార్డులో కాటా పెట్టి క్వింటాలు మిర్చికి 15,000 ఇస్తానని ఒకాయన అన్నాడు. ఢిల్లీలో దించితే 15,600 ఇస్తానని ఇంకొకాయన అన్నాడు. వినగానే రెండో బేరం మీదికే మనసు పోతుంది. ఇప్పుడు ఖర్చులు వేయండి. లారీ కిరాయి క్వింటాలుకు 500. ఎత్తుడు, దింపుడు హమాలీ 40. బీమా 20. దారిలో కాయ ఆరి తూకం నూటికి ఒకటి తగ్గితే 156. మొత్తం 716. రైతుకు మిగిలేది 14,884. యార్డులో అమ్మితే వచ్చేదానికంటే ఇది 116 తక్కువ. లారీలో 200 క్వింటాళ్లుంటే 23,200 రూపాయల తేడా. ధర ఎక్కువన్న బేరంలోనే నష్టం వచ్చింది. ధర పక్కన చోటు రాయకపోతే అది సగం ధర. మిగతా సగం ఎవరు ఎక్కువ తెలిసినవాళ్లయితే వాళ్ల వైపుకు పోతుంది.

రవాణా ఖర్చు అనగానే మనకు లారీ కిరాయి ఒక్కటే గుర్తొస్తుంది. ఒక మిర్చి టిక్కీ వెంట నడిచి చూడండి. కల్లంలో కాయ తొక్కించి కుట్టడం, ట్రాక్టరుకు ఎత్తడం, యార్డులో దించడం, కాటాకు మోయడం, మళ్లీ లారీకి ఎక్కించడం, పట్టా కప్పి తాడు కట్టడం, టోలు, వేబ్రిడ్జి, అవతల దింపుడు, దించడం ఆలస్యమైతే లారీకి హాల్టింగు, సరుకు నచ్చక వెనక్కి పంపితే తిరుగు కిరాయి. గోతం ఎవరిదో కూడా తేలాలి. గోతం బరువు తూకంలోంచి ఎంత తీసేయాలో తేలాలి. వీటిలో ప్రతిదానికీ డబ్బిచ్చే మనిషి ఒకరు ఉంటారు. ఆ పేరు కాగితం మీద లేకపోతే, చివరికి బలం లేనివాడి లెక్కలో కోత పడుతుంది.

అలా పడిన రోజు నేను అక్కడే ఉన్నాను. దుగ్గిరాల నుంచి పొరుగు రాష్ట్రంలోని ఒక ఫ్యాక్టరీకి పసుపు లారీ పంపాం. ఫ్యాక్టరీ పేరు ఇక్కడ అవసరం లేదు. ఒప్పంద పత్రంలో ధర, దాని పక్కన "ఎఫ్.ఓ.ఆర్." అని మూడక్షరాలు ఉన్నాయి. ఇంకేమీ లేదు. లారీ గేటు దగ్గర నాలుగు రోజులు ఆగింది. శాంపిలు పరీక్ష కాలేదన్నారు, లోపల చోటు లేదన్నారు. నేను వెళ్లేసరికి డ్రైవరు లారీ నీడలో స్టవ్ పెట్టుకుని అన్నం వండుకుంటున్నాడు. రోజూ సాయంత్రం వాన పడుతోంది, రోజూ పట్టా సర్దుతున్నాడు. ఆ నాలుగు రోజుల హాల్టింగు ఎవరివ్వాలి? ఎఫ్.ఓ.ఆర్. అంటే మా గేటు లోపల దించేదాకా మీదే అని ఫ్యాక్టరీవాళ్లు. ఎఫ్.ఓ.ఆర్. అంటే మా ఊళ్లో లారీ ఎక్కించేదాకానే మాది అని మా వాళ్లు. చివరికి ఆ డబ్బు రైతుల పట్టీల్లో "ఇతర ఖర్చులు" అన్న వరుసలో తేలింది. ఆ పట్టీలు నా చేత్తోనే రాశాను.

ఆ మూడక్షరాలకు ఒక చరిత్ర ఉంది. సరుకు రైల్లో పోయే కాలంలో, అమ్మేవాడు తన ఖర్చుతో సరుకును రైలెక్కించి ఇస్తాడన్నది దాని అసలు అర్థం. రైలు పోయి లారీ వచ్చినా మాట మిగిలింది. మన దేశంలో దాని పక్కన బయలుదేరే స్టేషను పేరు పెడితే ఒక అర్థం, చేరే ఊరి పేరు పెడితే దానికి పూర్తిగా ఎదురు అర్థం. ఏ ఊరూ రాయకపోతే ఎవరికి కావలసిన అర్థం వాళ్లు తీసుకుంటారు. అంతర్జాతీయ వాణిజ్య మండలి ఇలాంటి వ్యాపార సంకేతాలకు ఒకే అర్థం ఉండాలని 1936లో మొదటిసారి నిర్వచనాలు ప్రచురించింది. వాటినే ఇన్‌కోటెర్మ్స్ అంటారు. ఈ రైలు మాటను 1990 కూర్పులోనే అందులోంచి తీసేశారు. మన బిల్లుల మీద అది ఇంకా బతికే ఉంది. వాడండి, తప్పు లేదు. పక్కన ఊరి పేరు, గేటు పేరు తప్పక రాయండి.

ఒప్పందం మౌనంగా ఉంటే చట్టం మాట్లాడుతుంది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 36వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే అమ్మకం నాటికి సరుకు ఎక్కడ ఉందో అక్కడే అప్పగించాలి. సరుకును అప్పగించడానికి సిద్ధం చేసే ఖర్చు అమ్మేవాడిది. 39వ సెక్షన్ ఇంకా ముఖ్యం. సరుకు పంపించమని కొనేవాడు చెబితే, దాన్ని రవాణాదారుకు అప్పగించడాన్నే కొనేవాడికి అప్పగించినట్టుగా ప్రాథమికంగా భావిస్తారు. సరుకు ఎవరి సొత్తో నష్టం కూడా వాళ్లదేనని 26వ సెక్షన్. అంటే సాధారణంగా చట్టం గీసే గీత అమ్మేవాడి ఊళ్లోనే పడుతుంది. దాన్ని కొనేవాడి గేటు దగ్గరికి జరపాలంటే ఇద్దరూ ఒప్పుకుని రాసుకోవాలి. సంతకం పెట్టేముందు ఆ గీత ఎంత దూరం జరిగిందో, ఆ దూరానికి తగిన డబ్బు ధరలో చేరిందో లేదో చూసుకోవడం మన పని.

ఇంకో మాట. లారీ రసీదును పాత కాగితాల్లో పడేయకండి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద, సరుకు పోయినా పాడైనా రవాణాదారు మీద దావా వేయాలంటే, బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. ఆ తేదీ ఉండేది రసీదు మీదే.

ఇప్పుడు సముద్రం దగ్గరికి వద్దాం. కాకినాడ లంగరు రేవులో బియ్యం ఎక్కించడం చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పెద్ద ఓడ ఒడ్డుకు రాదు, దూరంగా లంగరు వేసి ఉంటుంది. బస్తాలు గోదాము నుంచి లారీలో రేవుకు, అక్కడి నుంచి బార్జీలోకి, బార్జీ మీద ఓడ పక్కకు, అక్కడ క్రేనుతో ఓడలోకి పోతాయి. ఎఫ్.ఓ.బి. అంటే సరుకు ఓడ మీదికి చేరేదాకా ఖర్చూ రిస్కూ అమ్మేవాడివే. కాబట్టి బార్జీ కిరాయి, బార్జీలో తడిసిన బస్తా, ఎగుమతి కాగితాలు, ఎగుమతి సుంకం అన్నీ ఇటువైపే పడతాయి. వాన వస్తే బియ్యం ఎక్కించడం ఆపేస్తారు. ఒప్పుకున్న గడువు దాటి ఓడ ఆగిన ప్రతి రోజుకూ డెమరేజీ, అంటే ఆలస్యపు రుసుము, లెక్క నడుస్తుంది. అందుకే తెలిసినవాళ్లు వాతావరణం అనుకూలించిన పనిదినాలనే లెక్కలోకి తీసుకోవాలని రాయించుకుంటారు.

సి.ఐ.ఎఫ్. దగ్గర చాలామంది పొరబడతారు. అవతలి రేవు దాకా ఓడ కిరాయి, బీమా అమ్మేవాడే కడతాడు కాబట్టి రిస్కు కూడా అక్కడిదాకా తనదే అనుకుంటారు. కాదు. ఖర్చు అవతలి రేవు దాకా పోతుంది, రిస్కు మాత్రం ఇవతలి రేవులో సరుకు ఓడెక్కగానే కొనేవాడికి మారుతుంది. ఈ రెండు గీతలూ వేరువేరని గుర్తుపెట్టుకుంటే సగం తగాదాలు పుట్టవు. కంటైనరులో మిర్చి పంపేవాళ్లకు ఇంకో జాగ్రత్త. మీరు కంటైనరును టెర్మినల్లో అప్పగించాక అది ఓడెక్కేదాకా మీ చేతిలో ఉండదు. ఎఫ్.ఓ.బి. రాసుకుంటే మీ చేతిలో లేని రోజులకు కూడా రిస్కు మీదే అవుతుంది. రవాణాదారుకు అప్పగించగానే బాధ్యత తీరే ఎఫ్.సి.ఎ. అలాంటి సరుకుకు సరైన మాట.

సుంకం ఎవరిదన్న వాక్యం ఎంత విలువైనదో 2022 సెప్టెంబరులో తెలిసింది. బాస్మతి కాని, ఉప్పుడు కాని బియ్యం మీద కేంద్రం 20 శాతం ఎగుమతి సుంకం వేసింది. ముందే కుదిరిన ధరల మీద ఆ సుంకం కట్టబోమని కొనేవాళ్లన్నారు. దాదాపు పది లక్షల టన్నుల బియ్యం రేవుల్లో నిలిచిపోయిందని ఎగుమతిదారుల సంఘం అప్పట్లో చెప్పింది. ఒప్పందం కుదిరాక కొత్తగా వచ్చే సుంకం ఎవరిదన్న ఒక్క వాక్యం ఉన్న ఒప్పందాల్లో అలాంటి రోజున కనీసం ఎవరితో ఏం మాట్లాడాలో తెలుస్తుంది.

ధర పక్కన చోటు ఉండాలన్న సూత్రం మన దగ్గరి ధరలకు కూడా వర్తిస్తుంది. ఎన్‌సీడీఈఎక్స్‌లో పసుపు ఫ్యూచర్స్ ధర నిజామాబాద్ గోదాములో అప్పగించే సరుకుకు చెప్పే ధర. ఫోనులో ఆ అంకె చూసి దుగ్గిరాల రైతు తన ఇంటి దగ్గరి ధర అనుకోకూడదు. మధ్యలో రకం తేడా ఉంది, దారి ఉంది. ధాన్యం కొనుగోళ్లలో గోనె సంచి, హమాలీ, రవాణా మూడింటినీ కలిపి జీఎల్‌టీ అంటున్నాం. ఈ ఖర్చులను మద్దతు ధరలోంచి కోయకూడదు, విడిగా చూపాలి. 2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకం ధాన్యానికి క్వింటాలుకు 2,369 రూపాయలు ప్రకటించారంటే, రైతు ఆ అంకెను అంకెగానే చేతిలో చూడాలి.

ఇక మీరు చేయవలసింది చెబుతాను. ఈ సీజనులో మొదటి బేరానికి ఒక్క కాగితం తీసుకోండి. తెలుగులోనే రాయండి. సరుకు అప్పగించే చోటు, గేటు పేరుతో సహా. ఏ కాటా తూకం చెల్లుతుంది, తరుగు ఎంతవరకు ఒప్పుకోవాలి. ఎత్తుడు ఎవరిది, దింపుడు ఎవరిది. నాణ్యత పరీక్ష ఎక్కడ, ఎన్ని గంటల్లో. ఆ గడువు దాటితే హాల్టింగు ఎవరిస్తారు, సరుకు వద్దంటే తిరుగు కిరాయి ఎవరిస్తారు. దారిలో నష్టం ఎవరిది, బీమా ఎవరి పేరున. కొత్త పన్ను, కొత్త సుంకం వస్తే ఎవరిది. రాశాక ఆ కాగితాన్ని రైతు ముందూ లారీ యజమాని ముందూ పైకి చదవండి. చదివేటప్పుడే ఎవరో ఒకరు "అదెట్లా?" అంటారు. ఆ మాట లారీ కదలకముందు వస్తే బేరం, గేటు దగ్గర వస్తే తగాదా.

నేను రాసిన ఆ పట్టీలు పట్టుకుని ఒక రైతు నా బల్ల దగ్గరికి వచ్చాడు. "ఇతర ఖర్చులు" అన్న వరుస మీద వేలు పెట్టి, "ఇదేంటి బాబూ?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర పట్టీలు రాసే పిల్లలకు ఆ పరిస్థితి రాకూడదు. ఆ వరుసలో వాళ్లు సున్నా రాయగలగాలి.