మనోవ్యథకు మాటసాయం



పండుగ పూట మనోవ్యథల ప్రసక్తి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఇంటిమీద బెంగ పండుగనాడే ఎక్కువవుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు ఈ వేదిక మీదనే చెప్పదలిచాము.

సొహార్‌కూ ఖాబూరాకూ నడుమ, బాతినా తీరాన ఉన్న ఈ సహంలో మన నివాసం ఉద్యోగంతో ముడిపడినది. ఉద్యోగం పోతే ఇల్లు, పిల్లల బడి, స్నేహాలు అన్నీ ఒక్కసారిగా కదులుతాయి. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు మన ఊరంటే సెలవులలో చూసే ఊరు. "ఇంతకాలం ఎందుకు కష్టపడ్డాను?" అన్నది తండ్రి ప్రశ్న. "నేను ఎక్కడివాణ్ణి?" అన్నది కొడుకు ప్రశ్న. రెండూ ఒక వేరు నుంచి పుట్టినవే.

ఇటువంటి ప్రశ్ననే చికిత్సకు ఆధారం చేసుకున్నవారు వియన్నా వైద్యుడు విక్టర్ ఫ్రాంకెల్ (1905–1997). నాజీల నిర్బంధ శిబిరాలలో 1942 నుంచి 1945 వరకు మగ్గి, తల్లిదండ్రులను, సోదరుణ్ణి, భార్యను పోగొట్టుకున్నారు. చేసే పనిలో, ప్రేమించే మనుషులలో, తప్పించుకోలేని కష్టాన్ని ఎదుర్కొనే తీరులో జీవితానికి అర్థం దొరుకుతుందని ఆయన చెప్పారు. ఉద్యోగం పోయినవారికి మొదటి దారి మూసుకున్నా మిగిలిన రెండూ తెరిచే ఉంటాయి.

అయితే పది రోజులుగా నిద్రలేనివారికి తత్త్వం ఒక్కటే చాలదు. కనుకనే సమన్వయ చికిత్స. కార్ల్ రోజర్స్ నేర్పినట్లు తప్పుపట్టకుండా వినడం, ఆరన్ బెక్ చూపినట్లు మనసులో పాతుకున్న తలంపును పరీక్షించడం, అవసరమైతే మందులు, ఆపై ఫ్రాంకెల్ ప్రశ్న. "నేను పనికిరానివాణ్ణి" అన్నవారితో చికిత్సకులు వాదానికి దిగరు. "చెల్లెలి పెళ్లి ఎవరు చేశారు?" అని అడిగి, జవాబు వారినోటనే పలికిస్తారు.

ఈ సాయం నేడు దూరం నుంచీ అందుతుంది. భారత ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలి మానస్ ప్రారంభించింది. స్వదేశంలో ఒంటరిగా ఉన్న మీ పెద్దలు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇక్కడి మనకు వీడియో ద్వారా తెలుగు నిపుణులు దొరకవచ్చు. వారి అర్హతను, ఒమాన్‌లో ఉన్నవారికి చికిత్స చేసే అనుమతిని ముందే అడగాలి. సహంలో రాత్రి ఏడు గంటలైతే హైదరాబాదులో ఎనిమిదిన్నర. వేళ ఆ ప్రకారం కుదుర్చుకోవాలి.

ఇరుకు ఇళ్లలో ఏకాంతం దొరకడమే కష్టం. మాట్లాడేవారికి అరగంట గది వదలండి. ఏం చెప్పావని తరవాత నిలదీయకండి. ప్రాణం తీసుకోవాలన్న మాట ఎవరినోట వినబడినా వీడియో కోసం వేచి ఉండవద్దు. వారిని ఒంటరిగా వదలకుండా దగ్గరి ఆసుపత్రికి తీసుకువెళ్లండి, లేదా 9999కు ఫోన్ చేయండి.

చివరిగా తల్లిదండ్రులకు ఒక విన్నపం. దిగులు వేరు, బెంగ వేరు, విసుగు వేరు. ఈ భేదం తెలిసిన బిడ్డ తన బాధను సరిగా చెప్పుకోగలడు. పిల్లలకు పద్యాలతోపాటు ఈ మాటలూ నేర్పుదాం. వారు చెప్పినప్పుడు ఓపికగా విందాం.

సెలవు.